యురేనస్‌ని 1781లో కనిపెట్టారు, సరే. మరి శుక్రుణ్ణి ఎవరు కనిపెట్టారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నిన్న గ్రహాల పట్టిక ఒకటి రాసుకుంటూ అడిగింది. యురేనస్ పక్కన హెర్షెల్ 1781 అని ఉంది, నెప్ట్యూన్ పక్కన గాలె 1846 అని ఉంది, మరి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని పక్కన ఖాళీగా గీత ఎందుకు పెట్టారు నాన్నా అని. "ప్రాచీన కాలం నుంచీ తెలుసు" అని చెప్పి తప్పించుకుందామనుకున్నా. ఎలా తెలుసు అంది. చుక్కల్లో ఏది గ్రహమో ఏది నక్షత్రమో కంటితో చూస్తే ఒకేలా ఉంటాయి కదా, టెలిస్కోప్ లేకుండా ఎలా విడదీశారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, వికీ లింకులు వద్దు.

చుక్కలపిచ్చి:
మంచి ప్రశ్న. ఆ గీత పెట్టడమే సరైన పని అండి, ఎందుకంటే వాటికి "మొదట చూసినవాడు" అనే మనిషి లేడు. శుక్రుడు కొన్నిసార్లు ఎంత వెలుగుతాడంటే చీకటి చోట నీడ కూడా పడుతుంది, దాన్ని చూడని మనిషి భూమ్మీద పుట్టి ఉండడు. అసలు పని చూడ్డం కాదు, గుర్తుపట్టడం.

నక్షత్రాలు రాత్రంతా తూర్పు నుంచి పడమరకి జరుగుతాయి కానీ ఒకదానికొకటి దూరం మారదు. సప్తర్షి మండలం మా తాత చూసిన ఆకారంలోనే నేనూ చూస్తున్నా. ఈ ఐదు మాత్రం అలా కాదు, ఈ నెల ఒక నక్షత్రం పక్కన ఉంటే వచ్చే నెల ఇంకో నక్షత్రం పక్కన ఉంటాయి. అదీ ఆకాశమంతా ఎక్కడపడితే అక్కడ తిరగవు, సూర్యచంద్రులు నడిచే దారిలోనే, అంటే రాశిచక్రం అనే సన్నటి పట్టీలోనే తిరుగుతాయి. అప్పుడప్పుడూ ఆగి, కొన్ని వారాలు వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకి పోతాయి, దాన్నే మనవాళ్ళు వక్రం అంటారు. వరసగా రెండు మూడేళ్ళు ఓపిగ్గా చూసి గుర్తు పెట్టుకుంటే ఎవరికైనా ఇది తెలిసిపోతుంది. కరెంటు లేని కాలంలో రాత్రి పూట చూడ్డానికి ఇంకేముంది చెప్పండి.

రాతపూర్వకంగా మనకి దొరికిన పాత ఆధారాల్లో బాబిలోన్‌ది ముఖ్యం. అమ్మిసదుక అనే రాజు కాలంలో, అంటే సుమారు 3600 ఏళ్ళ కిందట, శుక్రుడు ఏ రోజు కనపడ్డాడు ఏ రోజు మాయమయ్యాడు అని 21 ఏళ్ళ పాటు రాసుకున్న లెక్క మట్టిపలకల మీద ఉంది. ఇప్పుడు మన దగ్గరున్నవి చాలా తర్వాత కాలం నకళ్ళే, కానీ లెక్క మాత్రం పాతదే.

పాతపంచాంగం:
దీనికి బాబిలోన్ దాకా వెళ్ళక్కర్లేదు, మన ఇళ్ళలో రోజూ వాడే మాటల్లోనే ఉంది. మూఢం వచ్చింది పెళ్ళిళ్ళు లేవు అంటారు కదా. ఆ మూఢం అంటే ఏమిటి? గురుడో శుక్రుడో సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్ళి కంటికి కనపడకుండా పోయే రోజులు. శుక్ర మూఢం ఒకసారి వారం పది రోజుల్లో అయిపోతుంది, ఇంకోసారి రెండు నెలలు దాటుతుంది. ఎందుకీ తేడా? శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యలోంచి పోయేటప్పుడు చకచకా పోతాడు, సూర్యుడి అవతలి వైపు నుంచి పోయేటప్పుడు మనకి చాలా నెమ్మదిగా జరిగినట్టు కనపడతాడు. పై పోస్టులో చెప్పిన మట్టిపలకల మీద ఉన్నదీ సరిగ్గా ఈ లెక్కే.

పుష్కరాలు కూడా అంతే. గురుడు సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి, కన్యలో పెడితే కృష్ణకి. 2015లో గోదావరికి వచ్చాయి, 2016లో కృష్ణకి వచ్చాయి, అంటే గురుడు ఏడాదికి ఒక రాశి దాటుతాడు, పన్నెండేళ్ళకి చుట్టు తిరుగుతాడు. నికరంగా చెప్పాలంటే 11.86 ఏళ్ళు, తేదీలు ప్రతిసారీ ఒకటే ఉండకపోవడానికి అదొక కారణం. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు ఉంటాడు, మూడు రాశులు కలిపి ఏడున్నరేళ్ళు, అదే ఏలినాటి శని. ఫలితాలు నమ్ముతారా లేదా అన్నది మీ ఇష్టం, నేను దాని జోలికి పోను, కానీ ఆ ఏడున్నర అంకె మాత్రం ఆకాశంలోకి చూసి లెక్కపెట్టిందే.

లాజిక్‌లింగం:
అంతా బానే ఉంది కానీ నవగ్రహాల్లో సూర్యుడు ఉన్నాడు, చంద్రుడు ఉన్నాడు, రాహుకేతువులు ఉన్నారు, భూమి లేదు. ఇదేం గ్రహాల లిస్టు?

పాతపంచాంగం:
లింగం గారూ, వెటకారం అక్కర్లేదు. గ్రీకుల లిస్టులో కూడా సూర్యచంద్రులు ఉన్నారు. నక్షత్రాల మధ్య కదిలేది ఏదైనా అప్పట్లో ఒకటే కోవ. రాహుకేతువులు వస్తువులు కావు, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులు, గ్రహణాలు అక్కడే పడతాయి కాబట్టి వాటి లెక్క కావాలి. కంటికి కనపడని బిందువుని లెక్కలో పట్టుకోవడం తక్కువ పనేం కాదు.

లాజిక్‌లింగం:
ఒప్పుకున్నా, బిందువుల సంగతి. నేను చెప్పబోయేది వేరే. భూమి గ్రహం అని తేలడం కూడా ఒక కనుగోలే కదా, మరి దాని పక్కన ఎవరి పేరు రాయాలి? కోపర్నికస్ 1543 అని రాస్తే తప్పేముంది? అప్పటికి టెలిస్కోపే పుట్టలేదు. ఆయన తర్వాత టైకో బ్రాహీ కూడా కంటితోనే, పెద్ద పెద్ద కోణమానాలు పెట్టుకుని కొలిచాడు. ఆ కొలతలతో కుస్తీ పట్టి, ఎనిమిది నిమిషాల కోణం తేడా వచ్చిందని (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) పాత వృత్తాల పద్ధతి మొత్తం పక్కన పడేసి, కుజుడి దారి దీర్ఘవృత్తం అని కెప్లర్ 1609లో అచ్చేశాడు. గెలీలియో గురుడి చందమామల్ని చూసింది 1610 జనవరిలో. అంటే సౌరకుటుంబం ఎలా ఉందన్న అసలు సంగతిలో పెద్ద భాగం టెలిస్కోప్ కంటే ముందే తేలిపోయింది. గొట్టానికి ఇచ్చినంత క్రెడిట్ మనం కొలబద్దకి ఇవ్వం.

సనాతనసైన్స్:
అసలు యురేనస్, నెప్ట్యూన్ కూడా మనవాళ్ళకి ముందే తెలుసు. భీష్మపర్వంలో "శ్వేత గ్రహం" చిత్రా నక్షత్రాన్ని దాటింది అని వ్యాసుడు స్పష్టంగా రాశాడు. అదే యురేనస్. హెర్షెల్ కంటే వేల ఏళ్ళ ముందు. ఇది ఎవరూ చెప్పరు, మన గొప్పదనం మనకే తెలియనివ్వరు.

తెనాలిమాస్టారు:
సనాతన గారూ, ఆ శ్లోకం ఉంది, కాదనను. తెల్లని గ్రహం అన్నంత మాత్రాన అది యురేనస్ ఎలా అవుతుంది? ఆ అధ్యాయమంతా యుద్ధానికి ముందు కనపడ్డ అపశకునాల వర్ణన. తెల్లటిది తోకచుక్కయినా కావచ్చు.

మన ఖగోళ శాస్త్రం గొప్పదనం చూపించాలంటే నాకు అంతకంటే గట్టి సాక్ష్యం ఉంది. ఆర్యభట 499లో రాసిన ఆర్యభటీయంలో ఒక మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాల్లో, ఏ గ్రహం ఎన్ని చుట్లు తిరుగుతుందో ఇచ్చాడు. గురుడికి 3,64,224. భాగించి చూడండి, ఒక చుట్టుకి 11.861 ఏళ్ళు వస్తుంది, ఇప్పటి లెక్క 11.862. శనికి 1,46,564 చుట్లు, అంటే 29.475 ఏళ్ళు, ఇప్పటి లెక్క 29.46కి దగ్గర. కుజుడిది ఇంకా దగ్గరగా వస్తుంది, మీరే చేసుకోండి. ఇంత పట్టుగా కొలిచినవాళ్ళకి ఆరో గ్రహం తెలిసి ఉంటే దానికీ ఒక చుట్ల సంఖ్య ఇచ్చేవారు. ఆర్యభటీయంలో లేదు, సూర్యసిద్ధాంతంలో లేదు, ఆ తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి దగ్గరా లేదు. నెప్ట్యూన్ అయితే మామూలు కంటికి కనపడనే కనపడదు. ఉన్న గొప్పని వదిలేసి లేనిదాని కోసం కొట్లాడటం దేనికి?

సనాతనసైన్స్:
గ్రంథాలు ఎన్నో కాలిపోయాయి మాస్టారూ. మీకు దొరకనంత మాత్రాన లేనట్టు కాదు.

తెనాలిమాస్టారు:
కాలిపోయిన గ్రంథాన్ని నేనూ చదవలేను, మీరూ చదవలేరు. దాని మీద మనిద్దరం ఏం వాదించుకుంటాం.

గోదారిగట్టు:
గొడవ వద్దండి 🙏 యురేనస్ మామూలు కంటికి కనపడుతుందా? పై పోస్టులో నెప్ట్యూన్ గురించి మాత్రమే కనపడదన్నారు.

డాలస్‌తెలుగోడు:
కనపడుతుంది, బాగా చీకటి ఉన్న చోట, ఎక్కడ చూడాలో ముందే తెలిస్తే. దాని వెలుగు మాగ్నిట్యూడ్ 5.7 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక), మంచి కంటికి హద్దు 6 అనుకుంటాం. కానీ ఆ వెలుగులో చుక్కలు వేలల్లో ఉంటాయి. పైగా ఇది 84 ఏళ్ళకి ఒక చుట్టు, అంటే ఏడాది మొత్తానికి నాలుగు డిగ్రీల పైచిలుకు. ఇంత మసకగా ఉండి ఇంత నెమ్మదిగా కదిలేదాన్ని పటం గీసుకోకుండా పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

హెర్షెల్ కథ నాకు చాలా ఇష్టం, కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి. ఆయన జర్మనీ నుంచి ఇంగ్లండు వచ్చిన సంగీతం మాస్టారు. బాత్ అనే ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, కచేరీలు చేసుకుంటూ, రాత్రిళ్ళు ఇంట్లోనే లోహపు అద్దాలు రుద్ది టెలిస్కోపులు చేసుకునేవాడు. అద్దం రుద్దడం మధ్యలో ఆపకూడదని చెల్లెలు కెరొలిన్ ఆయన నోట్లో అన్నం ముద్దలు పెట్టేదట, ఆమె స్వయంగా రాసుకున్న మాట ఇది. ఆమె తర్వాత సొంతంగా తోకచుక్కలు కూడా కనిపెట్టింది, అది వేరే పోస్టు. 1781 మార్చి 13 రాత్రి ఇంటి పెరట్లోంచి ఆరంగుళాల చిల్లర అద్దంతో ఒక్కో చుక్కనీ వరసగా పరీక్షిస్తున్నాడు, గ్రహాల కోసం కాదు, జంట నక్షత్రాల కోసం. వృషభం మిథునం సరిహద్దు దగ్గర ఒకటి తేడాగా అనిపించింది. అప్పుడు చేసిన పని చూడండి, అప్పటిదాకా 227 రెట్లు పెంచే కటకంతో చూస్తున్నవాడు 460 రెట్లది పెట్టాడు, తర్వాత 932 రెట్లది. నక్షత్రం ఎంత పెంచినా చుక్కే, పెరగదు. ఇది పెరిగింది. అంటే దీనికి బింబం ఉంది. నాలుగు రాత్రుల తర్వాత చూస్తే పక్క చుక్కల నుంచి జరిగింది కూడా.

ఇంత చేసీ ఆయన "గ్రహం" అనలేదు, తోకచుక్క అని రిపోర్టు ఇచ్చాడు! కొత్త గ్రహం అనే ఆలోచనే అప్పట్లో ఎవరి బుర్రలోనూ లేదు, చరిత్ర మొదలైనప్పటి నుంచీ ఐదే కదా. మిగతావాళ్ళు, ముఖ్యంగా లెక్సెల్ అనే ఆయన, కక్ష్య లెక్కగట్టి చూస్తే దాదాపు గుండ్రంగా వచ్చింది, దూరం శనికి రెండింతలు. తోకచుక్కలు అలా తిరగవు. అప్పుడు తేలింది. హెర్షెల్ రాజుగారి పేరు పెడదామన్నాడు, మూడో జార్జి ఏడాదికి 200 పౌండ్లు జీతం కట్టాడు, పేరు మాత్రం నిలవలేదు. జీతం నిలిచింది, మనిషి తెలివైనవాడు.

గోదారిగట్టు:
అద్భుతం. కానీ ఒక డౌటు. గెలీలియో 1610 అంటున్నారు, హెర్షెల్ 1781. మధ్యలో 170 ఏళ్ళు టెలిస్కోపులు ఉన్నాయి కదా, ఎవరికీ కనపడలేదా?

చుక్కలపిచ్చి:
కనపడింది! ఇక్కడే అసలు మజా ఉంది. ఇంగ్లండులో ఫ్లామ్‌స్టీడ్ 1690లోనే యురేనస్‌ని చూసి, "వృషభం 34" అని నంబరేసి నక్షత్రాల జాబితాలో రాసేసుకున్నాడు. ఫ్రాన్సులో లెమోనియే పన్నెండు సార్ల దాకా చూశాడు, 1769 జనవరిలో అయితే కొద్ది రోజుల తేడాలో మళ్ళీ మళ్ళీ. ఆయన్ని అందరూ ఎగతాళి చేస్తారు కానీ పాపం ఆ రోజుల్లో యురేనస్ వక్రం ముగిసే చోట దాదాపు కదలకుండా నిలబడి ఉంది. వీళ్ళెవరూ నిన్నటి కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టి చూడలేదు.

గెలీలియో సంగతి ఇంకా ఘోరం. 1612 డిసెంబరు 28న గురుణ్ణి చూస్తూ పక్కన ఒక చుక్క గీసుకున్నాడు. అది నెప్ట్యూన్! తర్వాతి నెల, 1613 జనవరి 28న మళ్ళీ గీశాడు, ఈసారి పక్కనున్న ఇంకో చుక్కతో పోలిస్తే నిన్న రాత్రి ఎక్కువ దూరంగా ఉన్నట్టుందే అని కూడా రాసుకున్నాడు. అక్కడితో వదిలేశాడు. ఆయన నోటు పుస్తకాల్లో ఉన్నది నెప్ట్యూనే అని 1980లో బయటపెట్టారు.

అందుకే నేను టెలిస్కోప్‌కి ముందు, టెలిస్కోప్ తర్వాత అని గీత గీయను. నన్నడిగితే గ్రహాన్ని పట్టుకునేది నక్షత్ర పటం.

డాలస్‌తెలుగోడు:
+1. నెప్ట్యూన్ కథలో కూడా పటమే గెలిచింది. యురేనస్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండట్లేదు, బువార్ అనే ఆయన 1821లో అది ఎప్పుడు ఎక్కడుంటుందో పట్టికలు వేస్తే కొన్నేళ్ళకే తేడా కొట్టాయి. అవతల ఇంకోటేదో లాగుతోందని ఫ్రాన్సులో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్స్ ఎవరికి వారు లెక్కలేశారు. లెవెరియే ఉత్తరం బెర్లిన్‌లో గాలెకి 1846 సెప్టెంబరు 23న అందింది, ఆ రాత్రికే దొరికింది, చెప్పిన చోటుకి ఒక డిగ్రీ లోపే. అంత తొందరగా ఎలా అంటే, పక్కనున్న కుర్రాడు డారెస్ట్, కొత్తగా అచ్చయిన నక్షత్ర పటం ఉంది కదా దాంతో సరిచూద్దాం అన్నాడు. గాలె టెలిస్కోప్‌లో కనపడ్డ చుక్కలు ఒక్కొక్కటీ చెప్తుంటే ఇతను పటంలో టిక్కు పెడుతూ పోయాడు. ఒక చుక్క పటంలో లేదు. అంతే.

అంతకుముందు, అదే ఏడాది ఆగస్టులో కేంబ్రిడ్జ్‌లో చాలిస్ రెండుసార్లు నెప్ట్యూన్‌ని నమోదు చేశాడు. ఆయన దగ్గర ఆ పటం లేదు, తన రాతల్ని తను వెంటనే పోల్చుకోలేదు. పోయింది.

లాజిక్‌లింగం:
లెవెరియేని మరీ నెత్తిన పెట్టుకోకండి. అదే పద్ధతిలో బుధుడి నడకలో తేడా చూసి, సూర్యుడికి దగ్గర్లో వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు. చివరికి శతాబ్దానికి 43 సెకన్ల కోణం చొప్పున వచ్చే ఆ తేడా (సెకను అంటే కోణం నిమిషంలో అరవయ్యో వంతు) ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో 1915లో సర్దుకుంది, గ్రహం గిహం ఏమీ లేదు.

బెజవాడబుల్లోడు:
ప్లూటోని ఎందుకు తీసేశారు సార్, చిన్నప్పుడు తొమ్మిది అని బట్టీ పట్టాం 😡

తెనాలిమాస్టారు:
బాబూ, ప్లూటో కంటే ముందు సెరిస్‌కి అదే జరిగింది. 1801 జనవరి 1న సిసిలీలో పియాజ్జీ కనిపెట్టాడు, కొన్ని వారాలకి సూర్యుడి వెలుగులో కలిసిపోయి తప్పిపోయింది, గౌస్ లెక్కగట్టి చెప్తే ఆ ఏడాది చివర మళ్ళీ దొరికింది. కొన్ని దశాబ్దాల పాటు పుస్తకాల్లో గ్రహమే. తర్వాత అలాంటివి డజన్లకొద్దీ దొరికేసరికి గ్రహశకలం చేశారు. ప్లూటోదీ అదే దారి. అమెరికాలో లోవెల్ అబ్జర్వేటరీలో టాంబా 1930 జనవరి 23న, 29న తీసిన రెండు ఫొటో ప్లేట్లని ఒక యంత్రంలో పెట్టి, ఇదీ అదీ మార్చి మార్చి చూస్తుంటే ఫిబ్రవరి 18న ఒక చుక్క గెంతింది. మళ్ళీ చూడండి, రెండు రాత్రులు పోల్చడమే. 2005లో దాని సైజుదే ఎరిస్ దొరికాక, 2006 ఆగస్టులో ఓటేసి మరుగుజ్జు గ్రహం అన్నారు. కోపం వద్దు, అది అక్కడే ఉంది.

వైజాగ్‌వెంకన్న:
మన వైపు ఏమీ జరగలేదా అని అడిగేవాళ్ళ కోసం. వైజాగ్‌లో జగ్గారావు గారు 1840లోనే సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. మద్రాసు వేధశాలలో పాగ్సన్ 1861లో ఒక గ్రహశకలం కనిపెట్టి దానికి ఏషియా అని పేరు పెట్టాడు. హైదరాబాదులో నిజామియా వేధశాల ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని ఫొటో ప్లేట్ల మీదకి ఎక్కించిన పనిలో తన వంతు భాగం చేసింది. పైన మీరంతా పటం పటం అంటున్నారే, ఆ పటంలో ఒక ముక్క బేగంపేటలో తయారైంది.

డాలస్‌తెలుగోడు:
వెంకన్న గారూ సూపర్, నిజామియా సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరనుకున్నా.

ఇంకొక్కటి. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పుడు 6000 దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఎవరూ కళ్ళారా చూసినవి కావు. 1992లో మొదటివి ఒక పల్సార్ (గిరగిరా తిరుగుతూ లెక్కగా రేడియో తుళ్ళింతలు పంపే చచ్చిన నక్షత్రం) చుట్టూ దొరికాయి, దాని రేడియో తుళ్ళింతలు సెకనులో అతి చిన్న వంతు ముందూ వెనకా అవుతుంటే పట్టుకున్నారు. 1995లో మేయర్, కెలోజ్ పట్టుకున్న 51 పెగసీ గ్రహం నాలుగు రోజుల చిల్లరలో తన నక్షత్రాన్ని చుట్టేస్తుంది, దాని లాగుడికి నక్షత్రమే ఊగుతుంటే వెలుగు రంగుల్లో ఆ ఊపు కొలిచారు. అంతరిక్షంలో పెట్టిన కెప్లర్ అనే టెలిస్కోప్ అయితే లక్షన్నర నక్షత్రాల్ని ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చుంది, గ్రహం అడ్డం వస్తే వెలుగు ఎంత తగ్గుతుందా అని. మన సూర్యుడి ముందు భూమి అడ్డం వస్తే తగ్గేది పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. నర్సింగరావు గారు వైజాగ్‌లో చూసిందీ ఇదే బాపతు, కాకపోతే ఆయన శుక్రుడి నల్ల చుక్కని నేరుగా చూశారు.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్ అండి, మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపిస్తా. యురేనస్ చూడాలంటోంది ఇప్పుడు. మా దగ్గర 10x50 బైనాక్యులర్ ఉంది, సరిపోతుందా?

చుక్కలపిచ్చి:
భేషుగ్గా సరిపోతుంది. 2025-26 చలికాలంలో అది కృత్తికలకి కొంచెం దక్షిణంగా ఉంది, అంటే ఫ్లామ్‌స్టీడ్ చూసిన తర్వాత నాలుగు చుట్లు తిరిగి దాదాపు అదే చోటుకి వచ్చింది. ఊరి లైట్లకి దూరంగా వెళ్ళండి, అమావాస్య రోజులైతే మేలు. ఫోన్‌లో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ చూసి ఏ చుక్కో నిర్ధారించుకోండి, కానీ ఆ పని చివర్లో. ముందు అమ్మాయి చేత ఆ చుట్టుపక్కల చుక్కలన్నీ కాగితం మీద గీయించండి, వారం ఆగి మళ్ళీ గీయించండి. డిసెంబరులో అయితే వారంలో సగం చంద్రబింబం అంత జరుగుతుంది, ఫిబ్రవరి మొదట్లో ఆగినట్టే ఉంటుంది కాబట్టి అప్పుడు చేస్తే లెమోనియే గతే.

బెజవాడబుల్లోడు:
బైనాక్యులర్ చేతిలో వణుకుతుంది సార్, చుక్క నిలవదు.

చుక్కలపిచ్చి:
పిట్టగోడ మీద మోచేతులు ఆనించు తమ్ముడూ. లేదంటే మడతమంచం మీద వెల్లకిలా పడుకుని చూడు.